ఉత్తరం మూల చెమ్మ

సెప్టెంబరు 14, శనివారం

ఎవరూ ఎక్కడా ఏమీ రాయొద్దని పొద్దున మీటింగులో కంపెనీ లాయరమ్మ చెప్పింది. మెసేజీలు వద్దు, చీటీలు వద్దు, ఈమెయిళ్లు అసలే వద్దు. అందరం తలలూపాం. ఇంటికొస్తూ దారిలో కారాపించి ఈ నోటుబుక్కు కొన్నాను. ముప్ఫయ్యొక్కేళ్ల ఉద్యోగంలో, ప్లాంటు అధిపతినయ్యాక కూడా, ఎప్పుడూ డైరీ రాసిన పాపాన పోలేదు.

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటే మంచిది. గురువారం పొద్దున ఆరూ నలభైకి, షిఫ్టు మారే వేళకి, ఎర్రబురద చెరువు ఉత్తరం మూల కట్ట తెగింది. మట్టిని కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినియంకి పనికొచ్చే తెల్లపొడి తీస్తాం మేము. మిగిలిన ఎర్రబురదంతా ఆ చెరువులోకే. ఇరవై రెండేళ్ల బురద. గండి నలభై అడుగులు. ఇరవై నిమిషాల్లో పల్లపు వీధిని ముంచేసి ఏట్లో కలిసింది.

నలుగురు పోయారు. ఆసుపత్రిలో నూట ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఏరు వంతెన దాకా ఎర్రగా ఉంది. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

పల్లపు వీధిలోనే ఉండే అక్కా బావా క్షేమం. బావకి కాళ్లు మాత్రం కాలాయి. ఆ బురద తాకితే చల్లగానే ఉంటుంది. గంటకి దురద, రెండు గంటలకి మంట, ఆ తర్వాత కడుక్కుంటే తోలు చేతికొస్తుంది. బావకి ఈ సంగతి బాగా తెలుసు. రిటైరయ్యేదాకా మా ఫ్యాక్టరీలో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గరే పనిచేశాడు. తెలిసీ దిగాడు. పక్కింటి ముసలావిడని వీపు మీద వేసుకుని గట్టు ఎక్కించి, మళ్లీ దిగి ఎదురింటి వాళ్లని తెచ్చాడట. గంటన్నర ఆ బురదలోనే.

అక్కని నా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ పోయాక ఏడేళ్లుగా ఆదివారం భోజనం వాళ్లింట్లోనే నాకు. ఇప్పుడు అక్క నా వంటింట్లో గిన్నెలు వెతుక్కుంటోంది.

బుధవారం వాన గట్టిగా పడింది. ఏడు సెంటీమీటర్లు అంటున్నారు.

సెప్టెంబరు 15

ఎనిమిది ఉండొచ్చు. కొండవైపు ఇంకా ఎక్కువే పడి ఉంటుంది.

సెప్టెంబరు 16, సోమవారం

ఆసుపత్రికి వెళ్లాను. వార్డు బయట పల్లపు వీధి వాళ్లంతా నేల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒకతను లేచి మీదికొచ్చాడు. చెయ్యి ఎత్తాడు కూడా. అక్క మధ్యలో అడ్డం పడింది.

"వీడి మీద చెయ్యి వేస్తే ఊరుకోను. వీడికి తెలిస్తే ఇలా జరగనిచ్చేవాడా? మా ఆయన లోపల కాళ్లు కాలి పడున్నాడు. నా తమ్ముడు తెలిసి తెలిసి సొంత బావని ముంచుకుంటాడా? పైవాళ్లు వీడి దగ్గర కూడా దాచారు. అడగండి కావాలంటే."

అతను నా మొహంలోకి చూశాడు. నిజమేనా అన్నట్టు.

నేను చేతులు జోడించాను. అంతే. అబద్ధం ఏమీ చెప్పలేదు.

బావ నవ్వుతున్నాడు. కట్లు మోకాళ్ల పైదాకా ఉన్నాయి. "ఏమోయ్ పెద్దాఫీసరూ, మీ సరుకు నాణ్యత బాగానే ఉంది" అన్నాడు. నర్సు కూడా నవ్వింది.

సెప్టెంబరు 18, బుధవారం

హెడ్డాఫీసు నుంచి ఎండీ వచ్చాడు. నాకన్నా పన్నెండేళ్లు చిన్న. పల్లపు వీధిలోకి నడిచే వెళ్దామన్నాడు, కారొద్దన్నాడు. కొత్త రబ్బరు బూట్లు, ఒకదానికి ధర రాసిన అట్టముక్క ఇంకా దారంతో వేలాడుతోంది. చెప్దామనుకున్నాను, ఎలా చెప్పాలో తెలియలేదు. వీధంతా అలాగే నడిచాడు.

గోడల మీద కిటికీ ఎత్తున ఎర్రగీత. ఇంటింటికీ అదే ఎత్తు, ఎవరో తాడు కట్టి గీసినట్టు. అక్కావాళ్లింటి ముందు ఆగలేకపోయాను.

స్కూలు మెట్ల మీద నిలబడి ఎండీ మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, కాదనడానికి లేదు. కాగితం చూడలేదు. "ఈ కంపెనీకి అధిపతిగా జరిగినదానికి పూర్తి బాధ్యత నాది" అన్నాడు. అరుస్తున్నవాళ్లు కూడా చప్పున ఆగిపోయారు. పూర్తి బాధ్యత అంటే ఏమిటో, రేపటి నుంచి ఏం చేస్తాడో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బావ మోసుకొచ్చిన ముసలావిడ ఆయన్ని అడిగింది: "నువ్వెవరు నాయనా?"

"కంపెనీ తరఫున వచ్చానమ్మా."

"నువ్వు రేపు పోతావుగా. ఈ బాబు అయితే మాకు తెలుసు. ఈయన చెప్తే వింటాం" అని నన్ను చూపించింది.

కారెక్కాక ఎండీ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ మీద వాళ్లకి నమ్మకం ఉంది. అదే మన అదృష్టం" అన్నాడు. ఆ తర్వాత వాన సంగతి అడిగాడు. కొండవైపు పది పైనే పడి ఉంటుందన్నాను. ఆయన చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

రాయొద్దన్న నియమం ఆయనకి లేదేమో.

సెప్టెంబరు 19

లాయరమ్మ ఒంటరిగా పిలిచింది.

"కట్ట తనిఖీకి రిజిస్టరు ఏదైనా ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎవరి దగ్గర?"

"ప్రస్తుతం నా సొరుగులో."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేను మిమ్మల్ని దాని గురించి అడగలేదు. మీరూ చెప్పలేదు. ఎవరైనా కాగితం మీద అడిగితే అప్పుడు చూద్దాం." నాకు టీ పోసిచ్చింది. మంచి మనిషే. వాళ్లమ్మకి కూడా ఒంట్లో బాగాలేదట.

సెప్టెంబరు 20, శుక్రవారం

కొలబద్దని సస్పెండు చేశారు. చేశారు అంటున్నాను గానీ ఆర్డరు మీద సంతకం నాదే.

కొలబద్ద మా కట్ట ఫోర్‌మన్. ఆ చెక్క కొలబద్ద లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. భోజనాల గదిలో కూడా పక్కన బల్లకి ఆనించి పెట్టుకుంటాడు. అసలు పేరు జీతాల సెక్షను వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మేమిద్దరం ఒకే ఏడాది చేరాం. మొదటి ఆరు నెలలు ఒకే గదిలో ఉన్నాం, ఒకే సబ్బు అరగదీశాం. తర్వాత నేను మెట్లెక్కాను, అతను కట్ట మీద ఉండిపోయాడు.

ఇది విచారణ పూర్తయ్యేవరకే. ఎవర్నో ఒకర్ని పక్కన పెట్టకపోతే జనం ఊరుకోరని హెచ్.ఆర్. వాళ్లన్నారు. అతనికీ విశ్రాంతి.

సెప్టెంబరు 21

కొలబద్ద పొద్దున్నే ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలోని చెక్క బద్దని గేటు దగ్గర లాక్కున్నారట, కంపెనీ సామానని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడ్డాడు.

"సార్, ఉత్తరం మూల చెమ్మ గురించి నేను రాశాను కదా?"

"రాశావు."

"మూడుసార్లు రాశాను. చెరువు మట్టం రెండడుగులు దించాలని రాశాను. మీరు చూశారు కదా?"

"చూశాను."

"అయితే సరే సార్." నిజంగానే మనసు తేలికపడ్డట్టు కనిపించాడు. "మా ఇంటావిడ భయపడుతోంది. సార్ ఉన్నారు, రాసింది ఉంది, మనకేం కాదు అని చెప్పాను. అదొక్కటీ అడిగి పోదామనే వచ్చాను."

అక్క వంటింట్లోంచి కాఫీ తెచ్చింది. నిలబడే తాగాడు. బావ ఎలా ఉన్నాడని అడిగాడు. వెళ్లిపోయాడు.

అక్క అంది, "పాపం, మంచివాడు. నువ్వు చూసుకుంటావులే."

సెప్టెంబరు 22

ఏమీ లేదు.

సెప్టెంబరు 23

బావకి జ్వరం.

సెప్టెంబరు 24

జ్వరం తగ్గలేదు. కాళ్ల నుంచి విషం ఒంట్లోకి పాకిందంటున్నారు. మందు మార్చారు.

ఇక్కడొకటి రాసిపెట్టాలి. జులైలో నేను ఎండీకి ఫోను చేశాను. చేయలేదని ఎవరూ అనలేరు. ఉత్తరం మూల కొంచెం తడిగా ఉంది, మట్టం దించాలంటే తొమ్మిది రోజులు ప్లాంటు ఆపాలి అని చెప్పాను. 'కొంచెం' అన్నాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నాడు. "మీరు అక్కడున్నారు, నేను ఇక్కడున్నాను. మీరెలా అంటే అలాగే. కాకపోతే ఓడకి ఇస్తామన్న సరుకు విషయంలో మన మాట పోకూడదు. ఆ పైన మీ నిర్ణయం" అన్నాడు.

ఆపొద్దని ఆయన అనలేదు. ఆపమనీ అనలేదు. నేను ఫోను పెట్టేసి రిజిస్టరు తెప్పించి, కొలబద్ద రాసిన దాని కింద 'చూశాను. తర్వాత చూద్దాం' అని రాసి పొట్టి సంతకం పెట్టాను.

నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లు.

సెప్టెంబరు 26, గురువారం

ఎవరున్నా అదే చేసేవాళ్లు అని మొన్న రాశాను. కొట్టెయ్యడం లేదు, ఉండనీ.

మధ్యాహ్నం బావ దగ్గర కూర్చున్నాను. అక్క మందులకని వెళ్లింది. బావ కళ్లు మూసుకునే ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాను.

"వేసవిలోనే చెమర్చిందటగా" అన్నాడు.

"ఏది బావా?"

"ఉత్తరం మూల. కొలబద్ద చెప్పాడు నాతో. బొటనవేలు పెడితే దిగుతోంది అన్నాడు."

కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాను, "తెలిసి ఇల్లు ఎందుకు ఖాళీ చెయ్యలేదు బావా? నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

కళ్లు తెరిచాడు. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"పైన నువ్వున్నావు కదరా."

నీళ్లడిగాడు. తాగించాను. గొంతులోకి సగమే పోయాయి. నన్ను ఫ్యాక్టరీలో పెట్టించింది ఆయనే. నా మొదటి దరఖాస్తు ఆయన చేతిరాతలో ఉంటుంది. గుండ్రటి అక్షరాలు.

అక్క వచ్చేసరికి బావ నిద్రపోయాడు. "ఏమన్నాడు?" అంది. ఏమీ అనలేదన్నాను.

సెప్టెంబరు 28

పొద్దున తొమ్మిదింటికి బావ పోయాడు.

సెప్టెంబరు 29

బావని సాగనంపి వచ్చాం. పల్లపు వీధి మొత్తం వచ్చింది. ఎండీ మనిషితో పూలదండ పంపించాడు. కంపెనీ రిబ్బనుతో. ఎవరో ఆ రిబ్బను విప్పేసి దండ మాత్రం ఉంచారు.

అక్టోబరు 1

వాన నాలుగున్నర సెంటీమీటర్లు. గేటు దగ్గరి వానకొలత గురువారం పొద్దున నేనే చూశాను, సైరను ఆగకముందే. మొదటిరోజు నుంచీ తెలుసు. ఈ పుస్తకంలో కూడా ఏడని ఎందుకు రాశానో, ఎవరిని నమ్మిద్దామని రాశానో.

అక్టోబరు 7, సోమవారం

అక్క ఆ ముసలావిడతో పోట్లాడి వచ్చింది. స్కూల్లో సర్దుకుంటున్న వీధి వాళ్లని చూడ్డానికి వెళ్లిందట. అక్కడ ఆవిడ "కట్ట రిజిస్టరులో నీ తమ్ముడి సంతకం ఉందంటున్నారమ్మా" అందట. ఇరవై అయిదేళ్ల స్నేహం వాళ్లది. గోడ మీంచి గిన్నెలు మారేవి. అక్కకి రెండు కాన్పులు పోయినప్పుడు పక్కన కూర్చుంది ఆవిడే.

"మొహం మీదే అన్నాను. నిన్ను మోసి మోసి నా మొగుడు పోయాడు, ఇప్పుడు నా తమ్ముడి మీద పడ్డావా, నిన్ను ఆ బురదలోనే వదిలెయ్యాల్సింది అన్నాను." చెప్తూ చెప్తూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అలా అనకూడదు కదరా? అనేశాను. నీ కోసమే అన్నాను."

ఇంక కూర్చోలేకపోయాను. చెప్పేశాను. చెమ్మ సంగతి, మూడుసార్లు రాసిన సంగతి, ఫోను, 'తర్వాత చూద్దాం', అన్నీ. బావకి తెలుసన్నది కూడా. బావ అన్న మాట కూడా.

పూర్తయ్యాక అక్క కొంగుతో బల్ల తుడిచింది, దాని మీద ఏమీ లేదు.

"ఇది నాకెందుకు చెప్పావురా?"

"నీకు తెలియాలని."

"నీ బరువు దిగాలని చెప్పావు." అరవలేదు. చిన్నప్పుడు నా లెక్కలు తప్పినప్పుడు చెప్పేదే, ఆ గొంతుతో. "ఆయన పోయాక నాకు మిగిలింది నువ్వు. నిన్ను కూడా పోగొట్టుకోమంటున్నావు. నేనిప్పుడు ఎవరిని పట్టుకుని ఏడవను?"

"తిట్టక్కా. కొట్టు."

"తిడితే తీరిపోతుందని నీ ఆశ."

లేచి వెళ్లి అన్నం వార్చింది. నాకు పెట్టింది. తను తినలేదు.

అక్టోబరు 8

పొద్దున లేచేసరికి అక్క లేదు. పక్క మడతపెట్టి ఉంది. పల్లపు వీధికి వెళ్లాను. ఇంట్లో చీర ఎగదోపుకుని పారతో బురద ఎత్తుతోంది. పక్కన ముసలావిడ తట్ట పట్టుకుని నిలబడింది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నేనూ పార తీసుకోబోయాను.

"నువ్వు ముట్టుకోకు" అంది అక్క. "వెళ్లు. ఆఫీసు టైమైంది."

అక్టోబరు 10

రిజిస్టరు తీసుకెళ్లి, ప్రభుత్వం వేసిన విచారణ కమిషనుకి నా చేతులతో ఇచ్చాను. దానితోపాటు నాలుగు పేజీల ఉత్తరం. నాకు తెలుసు, మూడుసార్లు చెప్పారు, పట్టించుకోలేదు, కొలబద్ద తప్పు ఏమీ లేదు, వాన నాలుగున్నరే. ఎండీతో మాట్లాడిన ఫోను సంగతి. అన్నీ రాశాను. గుమాస్తా ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇక ఎవరైనా వచ్చి పట్టుకెళ్తారనుకున్నాను. గంట కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి, "ఎవరి కోసమైనా చూస్తున్నారా?" అన్నాడు.

అక్టోబరు 11

ఎండీ స్వయంగా ఇంటికొచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు చేసింది చాలా ధైర్యమైన పని. మీ స్థానంలో నేనుంటే నాకు చేతనయ్యేది కాదు."

"సార్, ఉత్తరంలో మన ఫోను సంగతి కూడా రాశాను."

"చదివాను. నాకు గుర్తున్నంతవరకు మీరు 'కొంచెం తడి' అన్నారు. నిర్ణయం మీదే అని నేనన్నాను. మీరూ అదే రాశారు కదా?"

అదే రాశాను. నిజం అదే.

"మీరు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నారు. నిద్ర లేదు. మీరు ఈ బరువంతా మీ నెత్తినే వేసుకోవడం నేను చూడలేను. మూడు నెలలు సెలవు తీసుకోండి. మన డాక్టరు వచ్చి చూస్తాడు."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నటన కాదు. అది చూసే నాకు భయమేసింది. తప్పు చేశానన్న అనుమానం ఆ మనిషిలో వెతికినా లేదు, జాలి మాత్రం బోలెడంత ఉంది.

అక్టోబరు 21, సోమవారం

విచారణలో నన్ను పిలిచారు. రిటైరైన జడ్జి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, ఫ్యాను నా వైపు తిప్పించాడు.

ఉత్తరం సంగతి ఎత్తుతాడని చూశాను. లాయరమ్మ లేచి, నా మనసు కుదురుగా లేదని కంపెనీ డాక్టరు రాసిన కాగితం ఇచ్చింది. జడ్జి చదివి నా వైపు మెల్లగా చూశాడు.

"మీ బావగారు ఏ తేదీన పోయారు?"

"సెప్టెంబరు ఇరవై ఎనిమిది."

"ఈ ఉత్తరం?"

"అక్టోబరు పది."

"పన్నెండు రోజులు" అని పక్కనున్న ఆయనతో రాయించాడు.

"అయ్యా, నేను ఏడుపులో రాయలేదు. రిజిస్టరులో నా సంతకం చూడండి."

"చూశాం. 'తర్వాత చూద్దాం' అన్నారు. చూడనని అనలేదు కదా?"

హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. జడ్జి నవ్వలేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"సెప్టెంబరు పద్దెనిమిదిన ఎండీగారితో, కొండవైపు వాన పది సెంటీమీటర్లు దాటిందని చెప్పారా?"

"చెప్పాను. అది అబద్ధం."

"అప్పుడు మీరు పూర్తి ఆరోగ్యంగా ఉన్నారు కదా?"

ఉన్నాను.

తర్వాత కొలబద్దని నిలబెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. లాయరమ్మ ఒక్కటే అడిగింది. అత్యవసరం అనుకున్నప్పుడు నింపాల్సిన ఎర్ర ఫారం ఒకటుందని తెలుసా? తెలుసన్నాడు. నింపారా? లేదన్నాడు. ఎందుకు?

"ఎర్ర ఫారం నింపితే ప్లాంటు దానంతటదే ఆగిపోతుందమ్మా. ఆపడం సారు చేతిలో పని. అందుకని సారుకి రాశాను. నోటితో కూడా చెప్పాను."

"అంటే ఆపగలిగి ఉండీ మీరు ఆపలేదు."

అతను నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను. మీరు తర్వాత మాట్లాడొచ్చు, కూర్చోండి అన్నారు. మళ్లీ పిలవలేదు.

అక్టోబరు 30

సెలవు. కిటికీ లోంచి పొగగొట్టం కనిపిస్తోంది. ప్లాంటు నడుస్తోంది.

నవంబరు 9

అక్కకి ఫోను చేశాను. ఎత్తింది. "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. పెట్టేసింది.

నవంబరు 17

మళ్లీ అదే. "తిన్నావా?"

నవంబరు 26

పోలీసు స్టేషనుకి వెళ్లాను. నా మీద కేసు రాసుకోమని. ఇన్‌స్పెక్టరు కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అతని తండ్రి మా ఫ్యాక్టరీలోనే చేశాడట. "సార్, కమిషను తేల్చకుండా నేను చెయ్యి పెట్టలేను. తేల్చాక కమిషను చెప్పిందే చెయ్యాలి. మధ్యలో నాకు దారెక్కడుంది చెప్పండి?" అన్నాడు. తన జీపులోనే ఇంటి దగ్గర దింపించాడు.

డిసెంబరు 3

కంపెనీ నుంచి ఉత్తరం. జనవరి నుంచి నన్ను అన్ని ప్లాంట్లకీ కలిపి భద్రతా సలహాదారుగా నియమిస్తున్నారట. 'ఈ అనుభవం మనందరికీ పాఠం కావాలి' అని ఎండీ కింద చేత్తో రాశాడు. చక్కటి చేతిరాత.

రాజీనామా పంపాను.

డిసెంబరు 6

రాజీనామా ఒప్పుకోలేదు. ఆరోగ్యం కుదుటపడ్డాక మాట్లాడుకుందామన్నారు.

డిసెంబరు 12, గురువారం

ఇవాళ టౌన్ హాల్లో కమిషను నివేదిక చదివారు. పొద్దున పదింటికి. నేను వెనక వరసలో కూర్చున్నాను. పల్లపు వీధి వాళ్లు బస్సు మాట్లాడుకుని వచ్చారు. కొందరి చేతులకి ఇంకా కట్లున్నాయి. అక్క ముసలావిడ పక్కన కూర్చుంది. కొలబద్ద గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కుర్చీలున్నా.

కమిషను అధికారి రెండు గంటలు చదివాడు. కారణం, ప్లాంటు అధిపతి స్వయంగా తెలిపిన ప్రకారం, పది సెంటీమీటర్లు దాటిన అసాధారణ వర్షం. సంస్థ నాయకత్వానికి ప్రమాదం గురించి స్పష్టమైన సమాచారం అందలేదు. నాయకత్వం తనంతట తానుగా బాధ్యత వహించడం అభినందనీయం. సమాచారం అందించడంలో విధానపరమైన లోపం, ఫోర్‌మన్ స్థాయిలో. ఎర్ర ఫారం వాడలేదు. అతన్ని తొలగించడం సమంజసం.

నా పేరున్న చోట 'బంధువియోగంలో ఉన్న సాక్షి' అని ఉంది.

కొలబద్ద మొదట అర్థం కానట్టు అటూ ఇటూ చూశాడు. పక్కనున్నతను చెవిలో చెప్పాక తల ఊపాడు. నా వైపు చూడలేదు. బయటికి నడిచాడు. ద్వారం దగ్గర ఎవరో బీడీ ఇవ్వబోతే వద్దన్నాడు.

అప్పుడు అక్క లేచింది.

"అయ్యా, ఒక్క మాట. ఆ పుస్తకంలో సంతకం పెట్టింది నా తమ్ముడు. వాడికి తెలుసు. వాడే నాతో చెప్పాడు. మా ఆయనకీ తెలుసు. ఆ చివర కూర్చున్నాడు చూడండి, వాణ్ణి అడగండి. వాన కాదయ్యా. మనుషులే."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. నేను లేచి నిలబడ్డాను. "నిజమే. మా అక్క చెప్పింది నిజం. నేనే" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. అందరికీ వినిపించింది.

అధికారి మైకు మీద చెయ్యి పెట్టి పక్కవాళ్లతో ఏదో మాట్లాడాడు. చెయ్యి తీసి, "అమ్మా, మీ బాధ మాకు అర్థమవుతోంది. కానీ విచారణ ముగిసింది. దీంట్లో ఇప్పుడు ఒక్క అక్షరం కూడా చేర్చే అధికారం నాకు లేదు" అన్నాడు. కాగితాలు సర్దుకున్నాడు. మైకు ఆపేశారు.

అక్క ఇంకా నిలబడే ఉంది. ఇన్నాళ్లకి నా కళ్లలోకి చూసింది. క్షమించినట్టు కాదు. చెప్పాల్సింది చెప్పాను, ఇంకేం చెయ్యను అన్నట్టు. ముసలావిడ చెయ్యి పట్టుకుని లాగితే కూర్చుంది.

బయటికి పోవాలంటే వాళ్ల మధ్య నుంచే పోవాలి. వందమందికి పైనే ఉన్నారు. నలుగురి తాలూకు వాళ్లు, అయిదో మనిషి మా బావ తాలూకు వాళ్లు, కాళ్లు కాలినవాళ్లు. ఆసుపత్రిలో నా మీద చెయ్యి ఎత్తినతను కూడా వాళ్లలో ఉన్నాడు. నేను మెల్లగా నడిచాను. కావాలనే మెల్లగా. ఎవరైనా చొక్కా పట్టుకుంటారని, ఒక్కరైనా అడ్డం నిలబడతారని.

కుర్చీలు వెనక్కి జరుపుకుని, ఆడవాళ్లు చీరలు దగ్గరికి లాక్కుని, అందరూ పక్కకి తప్పుకున్నారు. ఆఫీసరు వస్తుంటే తప్పుకున్నట్టే. చివరిదాకా నాకు దారి ఇచ్చారు.